ఎముక చెప్పిన వయసు

నేను ఆడిన మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్‌లో, విజిల్ వేసిన కాసేపటికే, మా జట్టు పిల్లనే వెనక నుంచి వీపు మీద చరిచి "ఖో" అని అరిచాను. ఆ పిల్ల కూడా ఖోఖో నుంచి వచ్చిందే. వీపు మీద చెయ్యి పడగానే కాళ్ల దగ్గరున్న బంతిని అక్కడే వదిలేసి ముందుకు పరుగెత్తింది. అవతలి జట్టు వాళ్లు ఆ బంతిని తీసుకెళ్లి నిమ్మళంగా గోల్ కొట్టారు. గీత బయట నిలబడ్డ మా పీఈటీ సారు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

మ్యాచ్ అయ్యాక ఆయన తిట్టలేదు. "వీపు మీద కొట్టుడు బంద్ చెయ్యి బిడ్డా, బంతిని తన్నుడు నేర్చుకో" అన్నాడంతే. నేర్చుకోవడానికి నాకు చాలా రోజులే పట్టింది.

మేం అప్పుడు గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ వెనక ఒక గదిలో కిరాయికి ఉండేవాళ్లం. మా నాన్న పోచంపల్లిలో మగ్గం వదిలి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనికి కుదిరాడు. తను నేసిన చీరల కంటే ఎక్కువ చీరలు ఒక్కరోజులో విప్పి మడతపెడుతున్నానని చెప్పి నవ్వేవాడు. ఎండాకాలం వస్తే మా వీధంతా మామిడిపండ్ల వాసన, లారీల్లోంచి రాలిన గడ్డి. నేను ఆ లారీల మధ్య నుంచి పరుగెత్తుకుంటూ సర్కారు బడికి పోయేదాన్ని. ఖోఖోలో నన్ను ఎవరూ తొందరగా అంటుకోలేకపోవడానికి ఆ లారీలే కారణమని అమ్మ అనేది.

జిల్లాకు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు కావాలని పైనుంచి కాగితం వచ్చినప్పుడు, ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్ల ఎక్కడా కనపడలేదు. మా సారు ఎక్కువ ఆలోచించలేదు. ఖోఖో జట్టులోంచి ఏడుగురిని లేపి పక్కన నిలబెట్టాడు. "నాకు ఉరికేటోళ్లు కావాలె. తన్నుడు తర్వాత చూసుకుందాం" అన్నాడు. అట్లా నేను రెండు ఆటల మనిషినయ్యాను. పొద్దున ఖోఖో, సాయంత్రం ఫుట్‌బాల్. బూట్లు మా ఏడుగురికీ కలిపి మూడు జతలే ఉండేవి. నా కాలికి పట్టే జత గోల్‌కీపర్‌కు కూడా పట్టేది కాబట్టి చాలా మ్యాచ్‌లు ఉత్త కాళ్లతోనే ఆడాను.

ఖోఖోలో తరిమే మనిషి ఒకసారి ఒక దిక్కు పట్టాక వెనక్కి తిరగకూడదు. ఫుట్‌బాల్‌లో ఎన్నిసార్లైనా తిరగొచ్చు. తిరగొచ్చన్న సంగతి బుర్రకు తెలిసినా కాళ్లకు తెలియడానికి నాకు ఏడాది పట్టింది. తెలిశాక మాత్రం ఆ ఆటను వదల్లేకపోయాను.

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పాలి. ఇది చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు సగమే అర్థమవుతుంది. పదో తరగతి చలికాలంలో ఒకే నెలలో నాకు రెండు ఆటల్లోనూ సెలక్షన్ వచ్చింది. అప్పుడు నా అసలు వయసు పదిహేను. ఖోఖో ఏమో పద్నాలుగేళ్ల లోపు పిల్లలది. ఫుట్‌బాల్ ఏమో పదహారు నిండిన ఆడవాళ్లది. సారు రెండు బోనఫైడ్ కాగితాలు తెచ్చాడు. ఒకదాంట్లో నేను పదమూడేళ్ల పిల్లని, రెండోదాంట్లో పదహారు దాటినదాన్ని. సంతకం పెట్టమంటే రెండింటి మీదా పెట్టాను. మా ఇంట్లో ఎవరికీ అది తప్పుగా అనిపించలేదు. మా నాన్న అయితే, దుకాణంలో అందరికీ తన కూతురికి రెండు పుట్టినరోజులని చెప్పుకున్నాడు.

ఖోఖో జట్టు రైలెక్కిన రోజు, చివరి నిమిషంలో పేరు పోయిన ఒక సన్నటి పిల్ల వాళ్లమ్మతో కలిసి ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. ఆ పిల్లకు నిజంగానే పదమూడేళ్లు. మాకు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఆ పిల్ల ముఖం నాకు ఇరవై ఏళ్లకు పైగా గుర్తు రాలేదు.

ఆ తర్వాత చాలాకాలం ఫుట్‌బాలే ఆడాను. పెళ్లయ్యాక కూడా రెండేళ్లు ఆడాను. అప్పటికి మోకాలు మొరాయించింది. బీపీఈడీ చదివి, చైతన్యపురిలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా చేరాను. నాలుగంతస్తుల భవనం, ఒక్క గజం గ్రౌండ్ లేదు. డాబా మీద డ్రిల్లు చేయించేదాన్ని. ఆడాలనుకున్న ఆడపిల్లలను పొద్దున్నే ఎల్బీనగర్ అవతల ఒక మున్సిపాలిటీ గ్రౌండ్‌కు రమ్మనేదాన్ని. అక్కడ నడకకు వచ్చే పెద్దవాళ్లు, క్రికెట్ పిల్లలు, మధ్యలో మేము. ఒక మూల మాకు దొరికేది. బంతి వాకింగ్ వాళ్ల కాళ్లకు తగిలితే నేనే పోయి క్షమాపణ చెప్పేదాన్ని. రోజూ పది పదిహేనుమంది పిల్లలు వచ్చేవారు. ఇప్పటికీ వస్తున్నారు.

నేను చెప్పబోయే పిల్ల ఆరో తరగతిలో మా స్కూల్లో చేరింది. డాబా మీద ఎత్తు ప్రకారం వరస కడితే చివర నిలబడేది. తన ముందున్న పిల్ల తల ఆమె చెవి దాకా కూడా వచ్చేది కాదు. వాళ్లది నల్గొండ వైపు ఊరు. తండ్రి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా షేర్ ఆటో నడిపేవాడు. తల్లి చైతన్యపురిలో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేసేది. స్కూలు అయ్యాక ఆ పిల్ల హాస్టల్ వంటగదికే పోయి, అక్కడ బియ్యం బస్తా మీద కూర్చుని హోంవర్క్ రాసుకునేది.

ఎత్తు చూసి గోల్‌కీపర్‌గా పెడదామనుకున్నాను. మొదటిరోజే అది కుదరదని తెలిసిపోయింది. బంతి దగ్గరికి వచ్చేదాకా ఆగే ఓపిక ఆమెకు లేదు, తనే ఎదురు పోయేది. ఎడమకాలి వాటం. బంతి పోగొట్టుకున్నప్పుడల్లా ఎవరో చక్కిలిగింత పెట్టినట్టు నవ్వేది, నవ్వుతూనే వెనక్కి పరుగెత్తి ఆ బంతిని మళ్లీ లాక్కునేది. నేను చాలామంది పిల్లలకు ఆట నేర్పాను. ఈమెకు నేర్పినట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఆమె కాళ్లకు ముందే తెలిసిన దాన్ని నేను పేర్లు పెట్టి చెప్పేదాన్ని, అంతే.

ఎనిమిదో తరగతిలో ఉండగా పద్నాలుగేళ్ల లోపు రాష్ట్ర జట్టుకు సెలక్షన్స్ జరిగాయి. మా గ్రౌండ్ నుంచి ముగ్గురిని తీసుకెళ్లాను. ఒక్క సాయంత్రం చూసి ఆమె పేరు రాసుకున్నారు. నన్ను పక్కకు పిలిచి, ఈ పిల్ల ఎక్కడ దొరికిందని అడిగారు. నాకు గర్వంగా ఉండింది, దాచుకోవడానికి బూటు లేసు కట్టుకుంటున్నట్టు కిందికి వంగాను.

ఎంపికైన పిల్లలందరికీ ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీస్తారు. కాగితాలు ఎలాగూ నమ్మలేరు కాబట్టి ఎముక ఎంత ఎదిగిందో చూసి వయసు తేలుస్తారు. దవాఖానలో వరసగా కూర్చోబెట్టారు. పిల్లలు భయం లేకుండా నవ్వుకుంటున్నారు. ఆమె గాజులు తీసి నా చేతికిచ్చి లోపలికి పోయింది. బయటికి వచ్చి, "ఏం తెల్వలే మేడం, చల్లగ ఉండెనంతే" అంది.

తర్వాతి వారం, డాబా మీద డ్రిల్లు చేయిస్తుండగా ఫోన్‌కు లిస్టు వచ్చింది. ఎండకు తెర సరిగా కనపడక, చేత్తో నీడ పెట్టుకుని చదివాను. ఆమె పేరు ఉంది. పేరు పక్కన ఓవర్‌ఏజ్ అని ఉంది. పిల్లలు నా విజిల్ కోసం చేతులు పైకెత్తి అట్లాగే నిలబడ్డారు. ఎంతసేపు నిలబడ్డారో నాకు తెలియదు.

సాయంత్రం మెట్ల దగ్గర ఆపి ఆమెకు చెప్పాను. ఎముక వయసు ఎక్కువ చూపించిందని, ఈసారి ఆడనివ్వరని. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అంటే నాకు ఎన్నేండ్లంట మేడం?" అని అడిగింది.

ఆ సంగతి లిస్టులో లేదని చెప్పాను. ఆమె తన ఎడమ చేతిని ఒకసారి తిప్పి చూసుకుంది. బ్యాగు భుజానికి తగిలించుకుని దిగిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి, లిస్టు పంపిన ఫుట్‌బాల్ సంఘం ఆఫీసుకు పోయాను. అక్కడి ఉద్యోగి కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు తెప్పించాడు. ఆ పిల్ల పుట్టిన తేదీ సర్టిఫికెట్, స్కూల్ రికార్డు అన్నీ ముందు పెట్టాను. ఆయన ఒక్కొక్కటీ ఓపికగా చూశాడు. సర్టిఫికెట్ దగ్గర ఆగి, పుట్టిన చాలా ఏళ్లకు రాయించినట్టుందని వేలు పెట్టి చూపించాడు. స్కూల్లో చేర్చేటప్పుడు అడిగితే అప్పుడు తీసుకున్నారని చెప్పాను. ఆయన తల ఊపాడు.

"మేడం గారూ, ఫిల్మ్ చూసేది డాక్టర్లండి, రూలు పెట్టింది పైవాళ్లు. మా చేతుల్లో ఏమీ లేదు" అన్నాడు. కాగితాలు నా వైపు జరిపి, "మీరే చెప్పండి. వచ్చినవాళ్లంతా మా పాప వయసు నిజమే అంటారు. ఎవరిని నమ్మమంటారు?"

కాగితం ఎట్లా తయారవుతుందో ఆ గదిలో ఆయన కంటే నాకే బాగా తెలుసు. ఇంకోసారి ఎక్స్‌రే తీయించమని అడిగాను. ఒకసారి వచ్చిన ఫలితం మారదన్నాడు. ఆ ఎక్స్‌రేను ఫోన్‌తో ఫోటో మాత్రం తీసుకోనిచ్చాడు. అర్జీ రాసిచ్చాను, తీసుకుని ముద్ర వేశాడు. దానికి ఇప్పటిదాకా జవాబు రాలేదు.

అక్కడి నుంచి కొత్తపేటలో నాకు తెలిసిన ఒక ఎముకల డాక్టరు దగ్గరికి పోయాను. నా మోకాలు చూసింది ఆయనే. ఎక్స్‌రే ఫోటోను ఫోన్‌లో పెద్దది చేసి చూశాడు. కొంతమంది ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతారని, వాళ్ల ఎముకలు కూడా తొందరగా ఎదిగి తొందరగా ఆగిపోతాయని చెప్పాడు. ఈ పిల్లకు పదమూడేళ్లే అయ్యుండొచ్చు, పదిహేనూ అయ్యుండొచ్చు, ఈ ఫోటో చూసి తను ఒట్టు పెట్టి చెప్పలేనన్నాడు. ఇక మీద పెద్దగా ఎత్తు పెరగదని మాత్రం చెప్పగలనన్నాడు. ఆ మాట రాసిమ్మంటే, రాసిచ్చినా వాళ్లు ఒప్పుకోరని నవ్వాడు.

కొత్తపేట నుంచి చైతన్యపురి ఎంతో దూరం కాదు. ఆ కాస్త దూరంలో, బస్సులో కిటికీ పక్కన నిలబడి నేను ఒక లెక్క వేశాను. ఆరో తరగతిలోనే అంత ఎత్తు. ఆలస్యంగా రాయించిన సర్టిఫికెట్. స్కూల్లో చేర్చేటప్పుడు ఊరి పిల్లలకు ఒకటి రెండేళ్లు తగ్గించి చెప్పడం మామూలే. నన్ను బళ్లో వేసేటప్పుడు మా నాన్నే ఏ తేదీ చెప్పాడో ఆయనకే గుర్తు లేదు. డాక్టరు పదిహేనూ అయ్యుండొచ్చన్నాడు కదా. హాస్టల్ ముందు దిగేసరికి, నాకు తెలియకుండానే, నేను ఆ ఆఫీసు మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాను.

వంటగదిలో ఆ తల్లి రాత్రి కూరకు గోకరకాయ తుంచుతోంది. నన్ను చూసి పీట జరిపింది. పిల్ల ఎక్కడని అడిగితే పైన బట్టలు తేవడానికి పోయిందంది. నేను ఆఫీసులో జరిగింది చెప్పాను, డాక్టరు చెప్పింది చెప్పాను. ఆమె తుంచుతూనే విన్నది. ఆ తర్వాత నేను అడగకూడనిది అడిగాను.

"నాకొక్కదానికే చెప్పు చెల్లె. స్కూల్ల వేసేటప్పుడు వయసు జర తగ్గించి ఏమన్న రాయించిన్రా?"

ఆమె చేతులు ఆగిపోయాయి.

"గీమె కన్న ముందు నాకొక బిడ్డ పుట్టి పోయింది మేడం" అంది. "పదకొండు నెలల పిల్ల. జరమొచ్చి రెండు రోజులల్ల పోయింది. ఆమె పోయినంక యాడాదిన్నరకు గీమె పుట్టింది. ఏ దినమో, ఏ పొద్దో, నేనెట్ల మర్చిపోత?"

నేను ఏదో అనబోయాను. ఆమె ఆగలేదు. గొంతు పెంచలేదు కూడా.

"ఆఫీసోళ్లు అడిగిన్రంటే మేమెవరమో వాళ్లకు ఎర్క లేదు. మీరు గూడ అడిగిన్రు."

అప్పుడు ఆమె కళ్లు నా వెనక్కి పోయాయి. తిరిగి చూస్తే పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. చేతుల నిండా ఆరిన దుప్పట్లు, వాటి మీద నుంచి కళ్లు మాత్రం కనపడుతున్నాయి. ఎప్పుడు వచ్చిందో తెలియదు. తనకు ఒక అక్క ఉండి పోయిందని ఆ పిల్లకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదని తల్లి ముఖం చూస్తే నాకు అర్థమైంది. నేను లేచి నిలబడ్డాను. తల్లి, మామూలుగా అడిగినట్టే, చాయ్ తాగి పొమ్మంది. తాగకుండా పోతే బాగుండదని కూర్చున్నాను. చాయ్ మరిగేదాకా పిల్ల దుప్పట్లు ఒక్కొక్కటీ మడతపెట్టింది.

ఆ తర్వాత ఆ పిల్ల నాలుగు రోజులు గ్రౌండ్‌కు వచ్చింది. అంతకుముందులాగే ఆడింది, బంతి పోయినప్పుడు మాత్రం నవ్వలేదు. అయిదో రోజు రాలేదు. స్కూల్లో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. లిస్టు గురించి అందరికీ తెలిసిపోయింది. క్లాసులో పిల్లలు ఆమెను ఆంటీ అని పిలవడం మొదలుపెట్టారు. ఆమె బెంచీ దగ్గరికి రాగానే లేచి నిలబడి, ఆంటీ కూర్చోండి అనేవారట. నేను ఆ క్లాసుకు పోయి గట్టిగా అరిచాను. ఆమె తల వంచుకుని కూర్చుంది. నేను బయటికి రాగానే లోపల ఎవరో కిసుక్కున నవ్వడం వినపడింది. నా అరుపుతో అది ఇంకా పెద్దదయిందని అప్పుడు తెలిసింది.

వాళ్లింటికి ఒకసారి పోయాను. తండ్రి కుర్చీ తుడిచి వేశాడు. పిల్ల లోపల నుంచి వచ్చి నమస్తే పెట్టి, ఇంట్లో పని ఉంటోందని, చదువు కూడా ఎక్కువైందని, ముందే అనుకున్నట్టు గబగబా చెప్పింది. రెండేళ్ల తర్వాత పై వయసు జట్టుకు సెలక్షన్స్ ఉంటాయని, అప్పటిదాకా ఉత్తగా ఆడుతూ ఉండమని బతిమాలినట్టే చెప్పాను.

"దాంట్ల గూడ చెయ్యి పెట్టమంటరు కద మేడం" అంది. "నేను మల్ల పెట్ట."

అవును, దాంట్లో కూడా పెట్టమంటారు. ఆ ఎముక అప్పటికి ఎదగడం ఆగి చివర్లు పూర్తిగా కలిసిపోయి ఉంటుంది, అప్పుడూ అదే చెబుతుంది. ఆమెకు డాక్టరు మాటలు ఎవరూ విడమరిచి చెప్పలేదు. అయినా నా కంటే ముందే అర్థం చేసుకుంది. తండ్రి నా వైపు చూశాడు, నేనేమైనా అంటానేమోనని. నేను లేచి చెప్పులు వేసుకున్నాను.

ఇంట్లో మా ఆయన, నీ తప్పేముంది, నువ్వు చెయ్యగలిగిందంతా చేశావు కదా అన్నాడు. చెయ్యగలిగింది చేశానన్నది నిజమే. ఆఫీసుకు పోయాను, అర్జీ ఇచ్చాను, డాక్టరును కలిశాను. కానీ ఆ పిల్ల వైపు నిలబడడానికి లోకంలో ఒక మనిషి ఉండాల్సిన చోట నేను ఒక ప్రశ్న పట్టుకుని నిలబడ్డాను. నిజంగా అనుమానించానా అంటే, ఇప్పుడు లేదని చెప్పాలని ఉంటుంది. బస్సులో వేసిన లెక్క వేసినట్టే గుర్తుంది.

ఏడాది దాటాక ఒకరోజు హాస్టల్ గేటు ముందు ఆ తల్లి కూరగాయల బండి దగ్గర కనపడింది. నేను ఆగాను. ఆమె కూడా ఆగింది, ముఖం తిప్పుకునే మనిషి కాదు. పిల్ల పదో తరగతికి చదువుతోందని చెప్పింది. ఎందుకు చెప్పాలనిపించిందో, నా రెండు కాగితాల సంగతంతా అక్కడే ఆమెకు చెప్పేశాను. పదిహేనేళ్లప్పుడు ఒక ఆటలో పదమూడని, ఇంకో ఆటలో పదహారని రాయించుకుని ఆడిన సంగతి, రైలు దగ్గర చెయ్యి ఊపిన పిల్ల సంగతి. అందుకే నాకు అనుమానం వచ్చిందని, ఆమె మీద కాదని, నన్ను నేనే చూసుకున్నానని. చెబుతున్నంతసేపూ ఆమె సంచిలో టమాటాలు సర్దుకుంటూ విన్నది.

"మీకు రెండు పుట్టినరోజులు రాసిన్రు, మీరు రెండు ఆటలు ఆడిన్రు" అంది. "నా బిడ్డకు ఒక్కటే ఉండె."

కోపంగా అనలేదు. కూరగాయల ధర చెప్పినంత మామూలుగా అంది. ఆ తర్వాత, పొయ్యి మీద పప్పు ఉందని చెప్పి లోపలికి పోయింది. చెప్పుకుంటే నా బరువు కొంత దిగుతుందనుకున్నాను కాబోలు. దిగలేదు. ఆ బరువును ఆమె ఎందుకు మొయ్యాలి?

నేను ఆట నేర్పడం మానలేదు. మానేస్తే ఎవరికి మేలు? ప్రతి ఏడూ ఒకరో ఇద్దరో ఎంపికవుతారు, వాళ్లను దవాఖానకు తీసుకెళ్లి బయట బెంచీ మీద కూర్చుంటాను. పోయిన ఏడు ఒక పిల్ల తల్లి, మా పాపది పాసవుతుంది కద మేడం అని అడిగింది, పరీక్ష గురించి అడిగినట్టు. తెలియదమ్మా అన్నాను. ఆ మాటకు ఆమె నన్ను వింతగా చూసింది. ధైర్యం చెప్పాల్సినదాన్ని కదా. కానీ లోపల ఆ గదిలో ఏం తేలుతుందో నాకు నిజంగా తెలియదు. ఇప్పుడు నేను ఎవరి తల్లిదండ్రులనూ పిల్లల పుట్టినరోజు గురించి అడగను. వాళ్లు ఇచ్చిన కాగితం తీసుకుని ఫైల్లో పెడతాను.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్ల కింద ఆ పిల్ల ఎదురైంది. చైతన్యపురిలోనే ఏదో కాలేజీలో ఇంటర్ చదువుతోందట, మెడలో కార్డు వేలాడుతోంది. పక్కన ఒక స్నేహితురాలు. ఇద్దరి చేతుల్లో మొక్కజొన్న కంకులు. నన్ను చూడగానే కంకి వెనక్కి దాచి, "నమస్తే మేడం" అంది. నేను ఆమె కళ్లలోకి చూడడానికి తల ఎత్తాల్సిన పని లేకపోయింది. డాక్టరు చెప్పినట్టే ఎత్తు అక్కడే ఆగిపోయింది. స్నేహితురాలే ఆమె కంటే రెండు వేళ్లు పొడుగు. తోటి పిల్లలంతా ఈ రెండు మూడేళ్లలో ఆమెను దాటిపోయారు. ఈ సంగతి తీసుకెళ్లి ఇప్పుడు ఎవరికి చూపించను? చూపించినా దీంతో ఏమీ రుజువు కాదు. పెద్ద వయసు పిల్లయినా ఇట్లాగే ఆగిపోతుంది.

"మా స్కూల్ పీఈటీ మేడం" అని స్నేహితురాలికి చెప్పింది.

స్నేహితురాలు ఉత్సాహంగా నమస్తే పెట్టింది. తనది వాలీబాల్ అని, కాలేజీలో జట్టు లేదని నాతో చెప్పింది. తర్వాత ఈమె వైపు తిరిగి, "నువ్వేం ఆడేదానివే స్కూల్ల? ఎన్నడు చెప్పలే" అంది.

ఆమె నా వైపు చూడకుండా కంకి మీది గింజ ఒకటి గోటితో పీకింది.

"ఏం లేదు" అంది. "అందరితోని డ్రిల్లు చేసేదాన్ని, గంతే. కద మేడం?"

ఆ ఎడమకాలు నా ముందే ఉంది, మెట్టు మీద ఆనించి, చెప్పు సగం జారి. మా గ్రౌండ్ మూలలో ఆ కాలు చేసిన పనులన్నీ చూసినదాన్ని ఆ మెట్ల దగ్గర నేనొక్కదాన్నే. నా నోట ఒక్క మాట వస్తే ఆ స్నేహితురాలు ఆశ్చర్యపోతుంది, ఇంకా అడుగుతుంది, ఎందుకు మానేశావంటుంది. ఆ తర్వాత ప్రశ్న కూడా నాకు తెలుసు. ఆమె గింజ నోట్లో వేసుకుని ఇప్పుడు నా వైపు చూసింది.

"అవును, డ్రిల్లు మంచిగ చేసేది" అన్నాను.

ఆమె ముఖంలో ఏదో సడలింది. థాంక్స్ అన్నట్టు కాదు, పని అయిపోయినట్టు. రైలు వచ్చేస్తుందని చెప్పి ఇద్దరూ మెట్లెక్కారు. పైన మలుపు దగ్గర స్నేహితురాలు ఏదో అంటే ఆమె పకపకా నవ్వింది. వెనక నుంచి జనం తోస్తుంటే నేను పక్కకు జరిగాను.